టైరు బిల్లు మీద లోడు నంబరు కూడా రాయాలి

సంపాదకుడు గారికి,

నమస్కారం. నేను ఒంగోలులో ఏడు సీట్ల బండి కిరాయికి తిప్పుకుంటున్నాను. ఎక్కువగా తిరుపతి ట్రిప్పులే. ఎండాకాలం వస్తే చాలు, హైవే మీద టైరు పేలి కారు పల్టీ కొట్టిందన్న వార్తలు పేపర్లో కనబడతాయి. 'అతివేగమే కారణం' అన్న మాటతో ఆ వార్త అయిపోతుంది. ఆ టైరు ఎంత బరువుకు తయారైంది, ఆ రోజు దాని మీద ఎంత బరువుంది అన్నది ఎవరూ అడగరు. నేనూ చాలాకాలం అడగలేదు.

పోయినేడాది వెనక టైర్లు రెండూ బటన్లు (రోడ్డుకు ఆనే గాళ్ల రబ్బరు) అరిగిపోతే మార్పించడానికి వెళ్లాను. కంపెనీ వేసి పంపినవి 185/65 ఆర్15, 88హెచ్. ముందుది సైజు, చివరి 88హెచ్ బరువు, వేగం చెప్పే గుర్తు. ఆ సైజు స్టాకు లేదన్నారు. "రిమ్ము పదిహేనే కదన్నా, 185/60 సరిగ్గా కూర్చుంటుంది, రేటు కూడా తక్కువ" అన్నాడు షాపు కుర్రాడు. నిజంగానే కూర్చుంది. సరేనని వచ్చేశాను.

నెలన్నర తర్వాత, ఏడుగురితో, పైన క్యారియర్ మీద సామానుతో వెళ్తూ నాయుడుపేట దగ్గర టీకి ఆపాను. అలవాటుగా టైర్ల మీద చెయ్యి పెడితే ముందువి వెచ్చగా ఉన్నాయి, వెనకవి చుర్రుమన్నాయి. ఎడమ వెనక టైరుకు లోపలి వైపు నిమ్మకాయంత బుడిపె. ఏ గుంతలో దెబ్బ తగిలిందో తెలియదు. పక్కనే ఉన్న పంక్చర్ షాపు పెద్దాయన టార్చి వేసి టైరు అంచున ఉన్న అక్షరాలు చదివించాడు. 84హెచ్. "88 ఉండాల్సిన చోట 84 వేశారు నాయనా" అన్నాడు.

ఆ అంకె కిలోలు కాదు, కోడు. 84 అంటే ఒక్కో టైరు 500 కిలోలు మోస్తుంది, 88 అంటే 560. నాలుగు అంకెల తేడా చూడటానికి చిన్నదే గానీ టైరుకు 60 కిలోలు తగ్గింది, అంటే ఒక మనిషి బరువు. తిరిగొచ్చాక మనసు ఆగక, అంతే మందిని ఎక్కించుకుని కాటాకు తీసుకెళ్లి వెనక చక్రాలు మాత్రమే ఎక్కించి తూకం వేయించాను. 980 కిలోలు. టైరుకు 490! మలుపు తిరిగినప్పుడు బరువు ఒక పక్కకే ఒరుగుతుందని డ్రైవింగ్ చేసే ఎవరికైనా తెలుసు. పైగా ఆ 500 కూడా గాలి సరిగ్గా ఉన్నప్పటి మాట. గాలి తగ్గితే టైరు గోడ చక్రం తిరిగిన ప్రతిసారీ నలుగుతుంది, నలిగిన కొద్దీ వేడెక్కుతుంది, ఆ వేడికి లోపలి పొరలు విడిపోతాయి. కింద తారు రోడ్డు కాలుతుంటే చల్లబడే దారి కూడా ఉండదు. డ్రైవర్ తలుపు పక్కన అంటించిన కాగితంలో ఫుల్ లోడుకు ఎంత గాలి కొట్టాలో వేరుగా రాసి ఉంటుంది. మనం మాత్రం ఒక్కడున్నా ఏడుగురున్నా "అన్నిటికీ ముప్పై కొట్టు" అంటాం.

అంకె పక్కన ఉన్న అక్షరం వేగానిది. టి అంటే గంటకు 190 కిలోమీటర్లు, హెచ్ అంటే 210. ఎక్స్‌ప్రెస్‌వే మీదే కార్లకు 120 దాటకూడదు కదా, మనకెందుకీ గోల అని తోటి డ్రైవర్లు అంటారు. ఆ అక్షరం అంత వేగంగా పొమ్మని ఇచ్చిన అనుమతి కాదు, ఆ వేగంలో పుట్టే వేడిని తట్టుకుంటుందని చెప్పే గుర్తు. అదీ కొత్త టైరు, సరైన గాలి, సరైన లోడు ఉంటేనే. కాబట్టి కంపెనీ ఇచ్చినదాని కంటే అంకె గానీ అక్షరం గానీ తగ్గించకూడదు, పెరిగితే ఫర్వాలేదు. రెండు పాతవి, రెండు కొత్తవి కలిపి వాడితే, వాటి వేగం అక్షరాల్లో తక్కువదే బండి మొత్తానికి హద్దు.

నియమాలు లేవని కాదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో 95వ నియమం టైరు సైజు, అది మోసే బరువు గురించే. కానీ నా బండి ఫిట్‌నెస్‌కు వెళ్లినప్పుడు టైర్ల అరుగుదల చూశారు, అంచున ఉన్న నంబరు ఎవరూ చదవలేదు. ఆ 84హెచ్ టైర్లతో వెళ్లినా పాసయ్యేదే. రవాణా శాఖ అధికారులను నేను కోరేది చిన్న పని. కిరాయి బండ్ల ఫిట్‌నెస్‌లో టైరు మీది నంబరును బండికి కంపెనీ చెప్పిన నంబరుతో సరిచూడండి. టైర్ల షాపులు బిల్లు మీద సైజుతో పాటు లోడు అంకె, వేగం అక్షరం, తయారైన వారం రాసేలా ఆదేశాలివ్వండి. తయారైన వారం టైరు మీదే ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారం. డిక్కీలో ఏళ్లతరబడి పడి ఉన్న స్టెప్నీ అంకెలు కూడా ఒకసారి చూసుకోమని మీ పాఠకులకు నా మనవి.

నేను మళ్లీ పాత సైజే తెప్పించి వేయించుకున్నాను. 88హెచ్ అనీ, తయారైన వారం అంకెలూ నేనే చెప్పి బిల్లు మీద రాయించుకున్నాను. ఇంతవరకూ ఒక్క కస్టమరు కూడా అలా అడగలేదన్నాడు షాపాయన.

ఇట్లు,
ఒక కారు డ్రైవరు,
ఒంగోలు