నైజీరియాలో ఓడింది క్రైస్తవ అభ్యర్థేనా?

సంపాదకులు గారికి నమస్కారం.

ఆఫ్రికా ఎన్నికల మీద గత ఆదివారం మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. నైజీరియా 2023 అధ్యక్ష ఎన్నికకు అందులో దక్కింది ఒక్కటే వాక్యం. క్రైస్తవుడైన పీటర్ ఒబీ ముస్లిం అయిన బోలా టినుబు చేతిలో ఓడిపోయారని. అబద్ధమేమీ కాదు. కానీ ఆ ఎన్నిక రోజు నేను ఆ దేశపు అతిపెద్ద నగరం లాగోస్‌లోనే ఉన్నాను. ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో అకౌంట్స్ చూసుకుంటూ తొమ్మిదేళ్లు అక్కడే గడిపాను. ఆ ఒక్క వాక్యం చూశాక ఊరుకోబుద్ధి కాలేదు.

ముందు మతం సంగతి. ఉత్తరాన ముస్లింలు, దక్షిణాన క్రైస్తవులు అని మనం ఇక్కడ కూర్చుని గీత గీసేస్తాం. అసలు ఎవరెంతమందో ఆ దేశంలోనే కచ్చితమైన లెక్క లేదు. 1963 తర్వాత జనాభా లెక్కల్లో మతం అడగడం మానేశారు, అడిగితే గొడవలవుతాయని. టినుబు ముస్లిం, ఆయన భార్య ఒక పెద్ద చర్చిలో పాస్టర్. మా ఆఫీసు డ్రైవరుది ఇబాదాన్ వైపు. శుక్రవారం తను మసీదుకు వెళ్లేవాడు, ఆదివారం భార్యను చర్చి గేటు దగ్గర దింపి, బయట పేపరు చదువుకుంటూ కూర్చునేవాడు. నైరుతి వైపు ఉండే యోరుబా తెగ ఇళ్లలో ఇదేమీ వింత కాదు. టినుబుదీ అదే తెగ.

అలాగని మతం పని చెయ్యలేదని నేననను. అధ్యక్ష అభ్యర్థిది ఒక మతమైతే ఉపాధ్యక్ష అభ్యర్థిది ఇంకో మతం ఉండాలనేది అక్కడ ఎవరూ రాసిపెట్టని కట్టుబాటు. 1993లో అబియోలా దాన్ని పక్కనపెట్టి ఇద్దరు ముస్లింల జోడీతో నిలబడితే, మిలిటరీ ప్రభుత్వం ఆ ఎన్నికనే రద్దు చేసింది (రద్దుకు కారణాలు వేరులెండి). టినుబు మళ్లీ అదే పని చేశారు. బోర్నోకు చెందిన ముస్లిం నేత షెట్టిమాను వెంట పెట్టుకున్నారు. చర్చిలు భగ్గుమన్నాయి. ఆ కోపమంతా ఒబీకి కలిసొచ్చింది. ఆయన మాత్రం కట్టుబాటు పాటించారు. ఆయన పక్కన నిలబడిన దత్తి బాబా అహ్మద్ కడూనాకు చెందిన ముస్లిం. ఇంత జాగ్రత్త పడిన మనిషి వారం వారం ఏదో ఒక పెద్ద చర్చి వేదిక మీద కనబడటం నాకైతే నచ్చలేదు. నా మతం చూసి ఓటెయ్యొద్దు అనేవారు, ఆ మాటకు చప్పట్లు కొట్టేది మాత్రం చర్చిలో జనం. ఉత్తరాది వాళ్లు దీన్ని ఎలా అర్థం చేసుకుంటారో ఊహించడం కష్టమా? సొంత రాష్ట్రం అనంబ్రాలో ఆయనకు 5,84,621 ఓట్లు పడ్డాయి. వాయవ్య మూలన ఉన్న జంఫారాలో 1,660. రాష్ట్రం మొత్తం మీద! మన దగ్గర ఓ మోస్తరు పెద్ద పంచాయతీలో సర్పంచికి ఇంతకంటే ఎక్కువే వస్తాయి.

మతం వల్లే ఓడారన్నట్టున్న మీ వ్యాసకర్త వాదన ఇక్కడి వరకు నిలబడుతుంది. లాగోస్ దగ్గరికొచ్చేసరికి నిలబడదు. ఎనిమిదేళ్లు గవర్నరుగా ఏలి, దిగాక కూడా తన మాటే చెల్లించుకున్న టినుబు అడ్డా అది. అక్కడ ఒబీకి 5,82,454, టినుబుకు 5,72,606. వ్యాపారాలు చేసుకునే ఇగ్బోలు, అంటే ఒబీ తెగవాళ్లు, అక్కడ చాలామంది ఉన్నమాట నిజమే. కానీ ఆ ఓట్లన్నీ వాళ్లవే అంటే నేను నమ్మను. మా ఆఫీసులో పాతికేళ్ల లోపు యోరుబా పిల్లలు, అందులో ముస్లింలు కూడా, ఫోన్లలో ఒబీ బొమ్మ పెట్టుకుని తిరిగేవారు. తమను తాము ‘ఒబీడియెంట్లు’ అని పిలుచుకునేవారు. 2020లో పోలీసుల దౌర్జన్యం మీద వీధుల్లోకొచ్చి, లాగోస్‌లోని లెక్కీ టోల్‌గేటు దగ్గర తుపాకీ కాల్పులు చూసిన తరం అది. వాళ్ల కోపానికి మతంతో పనిలేదు. కరెంటు లేక, ఉద్యోగం లేక, వీసా కోసం తిరిగి తిరిగి విసిగిపోయి ఉన్నారు.

మరి ఒబీ ఎందుకు ఓడిపోయారు? టినుబుకు 87.9 లక్షలు, అతీకు అబూబకర్‌కు 69.8 లక్షలు, ఒబీకి 61 లక్షలు, క్వాంక్వాసోకు దాదాపు 15 లక్షలు. ఓడిన ఈ ముగ్గురూ 2022 మొదట్లో పీడీపీ అనే ఒకే ప్రతిపక్ష పార్టీలో ఉన్నారు. ఉత్తరాది బుహారీ ఎనిమిదేళ్లు ఏలారు కాబట్టి ఈసారి దక్షిణాదికి వంతు అని ఆ పార్టీలో చాలామంది అనుకున్నారు. చివరికి టికెట్ ఉత్తరాది అతీకుకే పోయింది. సరిగ్గా దానికి కొద్దిరోజుల ముందే ఒబీ బయటికొచ్చి, ఒక్క గవర్నరు కూడా లేని లేబర్ పార్టీలో చేరారు. కలిసుంటే గెలిచేవారా? ఏమో. 2019లో ఇదే అతీకు, ఒబీ ఒకే జోడీగా నిలబడి బుహారీ చేతిలో ఓడారు. కానీ 2023లో బుహారీ బరిలో లేరు. నూటికి 37 ఓట్లతో ఒకరు గద్దెనెక్కారంటే అవతల వాళ్లు ఎన్ని ముక్కలయ్యారో మొదట చూడాలి కదా. ఇది మన తెలుగువాళ్లకు కొత్తగా చెప్పాల్సిన లెక్క కాదు.

ఒబీ ప్రచారంలో ఇంకో మాట బాగా పాకింది. ‘షిషీ’ ఇవ్వం అని. అంటే పైసా కూడా పంచం అని. మీకు ‘స్ట్రక్చర్’ ఏదీ, అంటే ఊరూరా పార్టీ యంత్రాంగం ఏదీ అని అవతలి పార్టీలు ఎగతాళి చేసేవి. ఎగతాళే అయినా అందులో నిజముంది. లక్షా డెబ్బై ఆరు వేలకు పైగా ఉన్న పోలింగ్ కేంద్రాల్లో అన్నిచోట్లా ఏజెంటును కూర్చోబెట్టడానికి ఆయన పార్టీకి మనుషులు చాల్లేదు. పైగా అప్పుడే పాత నోట్లు మార్చారు. 2016లో మనం పడ్డ పాట్లే. పదివేల నైరాల (అక్కడి కరెన్సీ) కాగితాల కోసం మా వీధి చివర పీవోఎస్ (కార్డు గీకి నగదు ఇచ్చే మిషన్) పెట్టుకున్న అమ్మాయికి రెండువేలు కమిషన్ ఇచ్చాను. బస్సు ఛార్జీకి చేతిలో నోటు లేనివాడు ఓటు ఉన్న ఊరికి ఎలా వెళ్తాడు?

ఆ రోజు, ఫిబ్రవరి 25, శనివారం. బండ్లు తిరగనివ్వరు కాబట్టి మెయిన్ రోడ్డు మీద పిల్లలు ఫుట్‌బాల్ ఆడుతున్నారు. మా ఫ్లాట్ బాల్కనీకి ఎదురుగానే పోలింగ్. ఓట్లు అక్కడికక్కడే లెక్కపెట్టారు. అధికారి ఒక్కో బ్యాలెట్ పైకెత్తి చూపిస్తుంటే చుట్టూ ఉన్న జనం గొంతు కలిపి ఒకటి, రెండు, మూడు అని అరవడం. వంద దాటాక ఆ అరుపు పాటలా అయిపోయింది. తర్వాత ఫలితం రాసిన కాగితం గోడకు అంటించారు, అందరూ ఎగబడి ఫోటోలు తీసుకున్నారు. మా డ్రైవరు వాట్సాప్‌లో నాకూ ఒకటి పంపాడు. ఎవరికి వేశావని నేనడగలేదు, అతను చెప్పలేదు.

ప్రతి కేంద్రం కాగితాన్నీ ఆ రాత్రికల్లా వెబ్‌సైట్‌లో పెడతామని ఎన్నికల సంఘం మాటిచ్చింది. సెనేట్ ఫలితాలు ఎక్కాయి, అధ్యక్ష ఎన్నికవి ఎక్కలేదు. సాంకేతిక లోపం అన్నారు. మార్చి 1 తెల్లవారకముందే టినుబు గెలుపు ప్రకటించేశారు. మోసం జరిగిందని తేల్చి చెప్పడానికి నేనెవరిని? కోర్టులు జరగలేదన్నాయి. కానీ గోడ మీది కాగితాన్ని కళ్లారా చూసినవాళ్లు అదే కాగితం కోసం ఫోన్ పట్టుకుని తెల్లార్లూ కూర్చోవాల్సి వచ్చింది. నమోదైన ఓటర్లు 9.3 కోట్లు, పోలైన ఓట్లు రెండున్నర కోట్లకు లోపే. మతం చూసి ఓటేసినవాళ్ల గురించి రాసిన మీరు, అసలు గడప దాటనివాళ్ల గురించి కూడా ఓ ముక్క రాసి ఉండాల్సింది. 2027లో మళ్లీ ఎన్నికలు వస్తాయి కాబట్టి అప్పుడైనా రాయమని కోరుతున్నాను.

చివరగా ఒక సవరణ. అదే వ్యాసంలో ఇంకోచోట అబూజాను మీరు రాష్ట్రం అన్నారు. రాష్ట్రాలు 36, అబూజా విడిగా రాజధాని ప్రాంతం. గెలవాలంటే మూడింట రెండొంతుల రాష్ట్రాల్లోనూ ‘రాజధాని ప్రాంతంలోనూ’ పావు వంతు ఓట్లు రావాలని రాజ్యాంగంలో ఉంది. అబూజాలో టినుబుకు అంత రాలేదు, అక్కడ గెలిచింది ఒబీ. ఆ ‘లోనూ’ పట్టుకునే ప్రతిపక్షం 2023 అక్టోబరు దాకా సుప్రీంకోర్టులో కొట్లాడింది. అబూజాకు ప్రత్యేక హోదా ఏమీ లేదు, లెక్కలో అదీ ఒక రాష్ట్రం లాంటిదేనని కోర్టులు తేల్చాయి. కాబట్టి మీరు రాసింది తప్పే అయినా, జడ్జీలు మాత్రం మీ పక్షానే ఉన్నారు.

ఇట్లు,
మీ పాత పాఠకుడు,
సామర్లకోట