బ్యాగు మోత, ఫోను పుస్తకం

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పోయిన పేరెంట్స్ మీటింగులో ఒక నాన్నగారు నవ్వుతూనే అడిగారు: "పుస్తకాలన్నీ పీడీఎఫ్‌లో దొరుకుతున్నాయి కదా మేడమ్, పిల్లాడి చేత ఈ మోత ఎందుకు మోయించడం?" అప్పటికేదో సర్దిచెప్పాను గానీ, ఆ జవాబు నాకే నచ్చలేదు.

సోమవారం ఏడో తరగతికి వెళ్లి, సైన్సు పాఠం నా ఫోనులో తెరిచి ఒక అమ్మాయి చేతికిచ్చాను. మన పాఠ్యపుస్తకాలు మీరు చూసే ఉంటారు. ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో. పుస్తకమైతే ఈ పిల్ల ఇంగ్లీషు వాక్యం మీద ఒక వేలు, తెలుగు వాక్యం మీద ఇంకో వేలు పెట్టుకుని చదువుతుంది. ఫోనులో కనబడేది ఒక్క పేజీయే. తెలుగు చూడాలంటే పేజీ జరపాలి, అక్షరాలు పెద్దవి చేయాలి, మళ్లీ వెనక్కి రావాలి. వచ్చేసరికి లైను తప్పిపోతుంది. నాలుగోసారికి "తెలుగు వద్దులెండి మేడమ్" అనేసింది. రెండు భాషల్లో అచ్చేసిన ప్రయోజనం కాస్తా పోయింది. ఈలోగా మా ఇంటి గ్యాస్ బుకింగ్ మెసేజి ఒకటి టింగుమంది, అదీ చదివేసింది!

ఇది మన బడి సంగతే కాదు. నార్వేలో 72 మంది పదో తరగతి పిల్లల్లో కొందరికి కాగితం మీద, కొందరికి పీడీఎఫ్‌లో ఒకే పాఠాలు ఇచ్చి పరీక్షిస్తే, కాగితం మీద చదివినవాళ్లకే బాగా అర్థమైంది. ఆ ఫలితాలు 2013లో వచ్చాయి. 2018లో ఇలాంటి 54 అధ్యయనాలను కలిపి చూసినా అదే తేలింది. టైము పెట్టి చదివించినప్పుడు తేడా ఇంకా పెరిగిందట. ఒక్క కథల దగ్గర మాత్రం తేడా కనబడలేదు.

అందుకే నేను ఫోను వద్దనను. పాఠం పుస్తకంలో చదవనివ్వండి, కథ ఎందులో చదివినా సరే. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగు కథలు ఉచితంగా ఉన్నాయి, పడుకునే ముందు ఒకటి మీరే చదివి వినిపించండి. పాఠం దగ్గరున్న క్యూఆర్ కోడ్‌ను దీక్ష యాప్‌తో స్కాన్ చేస్తే వీడియోలు వస్తాయి, అవీ చూడనివ్వండి. చూపు సరిగా ఆనని పిల్లలకైతే అక్షరం పెద్దదయ్యే తెరే మేలు. వాళ్ల విషయం నాతో విడిగా మాట్లాడండి.

ఇక మోత సంగతి. ఆ రోజు టైంటేబుల్లో లేని పుస్తకాలు ఇంట్లోనే ఉంచమని పిల్లలకు చెప్పాం. రాత్రి బ్యాగు సర్దేటప్పుడు మీరూ ఒకసారి చూడండి.

ఈ శనివారం నుంచి లైబ్రరీ పుస్తకాలు వారం రోజులకు ఇంటికి ఇస్తున్నాం. చిన్న తమ్ముడు పేజీ చింపేస్తే పిల్లల్ని తిట్టకండి, ఆ ముక్కతో సహా పంపించండి. బీరువాలో గమ్ము సీసా ఉంది.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు