నర్సు పనిలో సగం మాటలే: జర్మన్ నేర్చుకునే రండి

సంపాదకులకు నమస్కారం.

జర్మనీలో నర్సు ఉద్యోగాల గురించి మీ పత్రికలో వచ్చిన వ్యాసాన్ని ఇక్కడి మా తెలుగు నర్సుల వాట్సాప్ గ్రూపులో అందరం చదివాం. జీతాలు, వీసాలు, కావలసిన సర్టిఫికెట్లు చక్కగా వివరించారు. భాష దగ్గరికి వచ్చేసరికి మాత్రం 'బీ2 స్థాయి జర్మన్ తప్పనిసరి' అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. (భాషా స్థాయిలు ఏ1, ఏ2, బీ1, బీ2, సీ1, సీ2 అని ఆరు. బీ2 నాలుగో మెట్టు.) నేను చెప్పాలనుకున్నదంతా ఆ ఒక్క ముక్క గురించే.

నాది ఖమ్మం జిల్లా. బీఎస్సీ నర్సింగ్ చదివి, హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో పనిచేశాను. ఇప్పుడు తూర్పు జర్మనీలోని హాలే నగరంలో ఒక వృద్ధాశ్రమంలో నర్సుగా ఉన్నాను. మనవైపు వృద్ధాశ్రమం అంటే వేరే ఊహ వస్తుంది. ఇక్కడ అది చాలావరకు ఆసుపత్రి వార్డులాంటిదే. ఇన్సులిన్, కట్లు, కెథెటర్లు, మందుల ట్రాలీ అన్నీ ఉంటాయి. ఎక్కువమందికి ఎనభై ఏళ్లు దాటాయి, చాలామందికి మతిమరుపు జబ్బు.

'యూరప్‌లో అందరికీ ఇంగ్లిష్ వస్తుంది కదా' అని మన పిల్లలు అనుకుంటారు. బెర్లిన్‌లో ఐటీ ఆఫీసుల్లో అది కొంతవరకు నిజం కావచ్చు. మా వార్డులో కాదు. హాలే 1990 దాకా తూర్పు జర్మనీ ప్రభుత్వం కింద ఉండేది. అక్కడి బడుల్లో ఐదో తరగతి నుంచి అందరికీ రష్యన్ నేర్పేవారు. అందుకే మా దగ్గరున్న పెద్దల్లో కొందరికి ఇప్పటికీ రెండు మూడు రష్యన్ పాటలు నోటికి వచ్చు, ఇంగ్లిష్ మాత్రం ఒక్క ముక్క రాదు. రాత్రి రెండింటికి బెల్లు కొట్టిన పెద్దావిడకు ఏం కావాలో తెలియాలంటే జర్మన్ తప్ప వేరే దారి లేదు. అదీ ఈ ప్రాంతపు యాసలో. ఇక్కడివాళ్లు క, ప, ట లను గ, బ, డ లా మెత్తగా పలుకుతారు. క్లాసులో ఆడియో విని నేర్చుకున్న జర్మన్‌కీ దీనికీ చెవి అలవాటు పడటానికి టైమ్ పడుతుంది.

నొప్పి సంగతే చూడండి. ఖమ్మంలో పేషెంటు 'గుచ్చినట్టుంది' అన్నా, 'పీకుతోంది' అన్నా, 'మంటగా ఉంది' అన్నా మనకు వెంటనే తేడా తెలుస్తుంది. డాక్టరుకు చెప్పాల్సింది కూడా ఆ తేడానే. జర్మన్‌లోనూ ఒక్కో రకం నొప్పికి ఒక్కో మాట ఉంది. 'నొప్పి ఉందట సార్' అని మాత్రమే చెప్పగలిగిన నర్సు వల్ల డాక్టరుకూ లాభం లేదు, పేషెంటుకూ లాభం లేదు.

అంకెలైతే ఇంకా టెన్షన్. జర్మన్‌లో ఇరవై నాలుగును 'నాలుగూ ఇరవై' అన్న వరుసలో చెబుతారు, ఒకట్ల స్థానం ముందు, పదుల స్థానం తర్వాత. డాక్టరు ఫోన్లో ఇన్సులిన్ యూనిట్లు చెప్పినప్పుడు 24కీ 42కీ మధ్య తడబడితే ఏమవుతుందో నర్సులకు నేను చెప్పక్కర్లేదు. అందుకే మేం రాసుకున్నాక తిరిగి చదివి వినిపిస్తాం. ఏ సర్టిఫికెట్ ఉన్నా సరే, అంకెలు చెవికి అలవాటయ్యేదాకా సాధన చేయమని కొత్తగా వచ్చే ప్రతి చెల్లికీ నేను ముందుగా చెప్పే మాట ఇదే.

ఇవన్నీ అవసరాలు. నాకు ఇష్టమైన కారణం ఇంకొకటి ఉంది. మా వార్డులో ఒక పెద్దావిడ వయసులో ఉన్నప్పుడు లోయ్నా రసాయన కర్మాగారంలో పనిచేశారట. ఆ కార్మికుల కోసమే 1964లో హాలే పక్కన కొత్త పట్టణం కట్టడం మొదలుపెట్టారు. తమకు అక్కడ ఫ్లాట్ ఇచ్చిన రోజు గురించి, గోడలోని కుళాయి తిప్పితే వేడినీళ్లు వచ్చాయని పిల్లలు కేకలు వేయడం గురించి ఆవిడ నాకు చెబుతుంటారు. ఇంకొకాయన 1945లో, యుద్ధం ముగిసే రోజుల్లో, అప్పటి జర్మన్ ప్రాంతం సైలీసియా నుంచి తల్లితో గుర్రబ్బండి మీద వచ్చేసిన పిల్లవాడు. ఆయన ఊరు ఇప్పుడు పోలండ్‌లో ఉంది. రాత్రిళ్లు మతిమరుపులో ఆయన ఆ బండి కోసమే వెతుకుతారు. ఆయన మాట అర్థమైన రోజు పక్కన కూర్చుని 'అమ్మ ఎక్కడుంది, గుర్రం పేరేమిటి' అని అడగగలిగాను. ఆయన నెమ్మదించారు, ఆ రాత్రి నిద్రమాత్ర అవసరం రాలేదు. భాష వచ్చిన నర్సు చేయగల వైద్యం ఇది. దీనికి జీతం స్లిప్పులో వేరే గడి ఉండదు గానీ, ఈ ఉద్యోగం మీద నాకు ప్రేమ కలిగింది మాత్రం దీనివల్లే.

కష్టమేమో అని భయపడేవాళ్లకు ఒక మాట. తెలుగు బాగా వచ్చినవాళ్లకు జర్మన్‌లో కొన్ని సంగతులు ఇంగ్లిష్ మీడియం పిల్లలు అనుకున్నంత కొత్తగా ఉండవు. రాసినదాన్ని దాదాపు రాసినట్టే చదువుతారు. అచ్చుల్లో హ్రస్వం, దీర్ఘం తేడా వస్తే అర్థం మారిపోతుంది, మనకు అది చిన్నప్పటి నుంచీ అలవాటే. ఉపవాక్యాల్లో క్రియ చివరికి పోతుంది, మన వాక్యంలోలాగే. పెద్దలను మీరు అనాలి, దగ్గరివాళ్లను నువ్వు అనాలి, ఆ మర్యాద తేడా కూడా ఉంది. కష్టమైనవీ ఉన్నాయి. ప్రతి నామవాచకానికీ లింగం ఉంటుంది, అది పదంతోపాటే కంఠస్థం చేయాలి. బల్ల పుంలింగం ఎందుకు, దీపం స్త్రీలింగం ఎందుకు అని అడిగి ప్రయోజనం లేదు.

పైగా ఈ ఊరికీ మన భాషకూ పాత చుట్టరికం ఉంది. హాలే నుంచి మద్రాసు వెళ్లిన బెంజమిన్ షుల్జ్ అనే మత ప్రచారకుడు అక్కడ తెలుగు నేర్చుకుని 1728లో తెలుగు వ్యాకరణం రాశాడు. తిరిగి వచ్చాక 1746-47లో ఇదే హాలేలో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. తెలుగులో తొలి అచ్చు పుస్తకాలు అవే. ఆయన ఉద్దేశం మతమే, సరే. అయినా నిఘంటువూ యాప్ ఏదీ లేని కాలంలో ఒక జర్మన్ మన భాషను వ్యాకరణం రాసేంతగా నేర్చుకున్నాడు. ఇన్ని సదుపాయాలున్న మనం జర్మన్ నేర్చుకోలేమా?

ఇక ఏజెంట్ల సంగతి. మా జిల్లాలోనే ఒక ఏజెన్సీ 'ముందు వెళ్లండి, భాష అదే వస్తుంది' అని చెప్పి, ట్రైనింగ్ పేరుతో లక్షలు వసూలు చేసింది. ఆ మాట నమ్మి నా జూనియర్లు ఇద్దరు అరకొర జర్మన్‌తో వచ్చారు. మన డిగ్రీకి ఇక్కడ గుర్తింపు వచ్చేదాకా సహాయకులుగానే పనిచేయాలి, జీతం కూడా ఆ మేరకే ఉంటుంది. గుర్తింపు పరీక్షలో మౌఖికం, ప్రాక్టికల్ రెండూ జర్మన్‌లోనే జరుగుతాయి. భాష రానంతకాలం సహాయకురాలి జీతమే. తీసుకున్న అప్పుకు మాత్రం మొదటి నెల నుంచే వడ్డీ నడుస్తుంది. వాళ్లు ఫోన్లో ఏడుస్తుంటే వినడం నాకు కష్టంగా ఉంది. సున్నా నుంచి బీ2కి, రోజూ క్లాసుకు వెళ్లి చదివినా, ఏడాది దగ్గర పడుతుంది. మూడు నెలల్లో బీ2 అని ఎవరైనా బోర్డు పెడితే లోపలికి వెళ్లకండి.

ఎంఎస్ కోసం వచ్చే ఇంజనీరింగ్ పిల్లలకూ ఇదే చెబుతాను. కోర్సు ఇంగ్లిష్‌లో ఉండొచ్చు. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చే గడువు 18 నెలలు. చిన్న ఊళ్లలోని కంపెనీల్లో ఇంటర్వ్యూ జర్మన్‌లోనే ఉంటుంది. శాశ్వత నివాసానికీ, పౌరసత్వానికీ కూడా మామూలుగా బీ1 అడుగుతారు.

సంపాదకులకు నా విన్నపం రెండు విషయాలు. ఇలాంటి వ్యాసాలు వేసినప్పుడు సరైన చోట్ల గురించి కూడా రాయండి. హైదరాబాద్‌లో జర్మన్ నేర్పే గోథే జెంట్రమ్ ఉంది, ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం)లో జర్మన్ విభాగం ఉంది, తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు జర్మన్ శిక్షణ ఇప్పిస్తోంది. విదేశీ నర్సులను ఉద్యోగాల్లోకి తీసుకోవడానికి జర్మన్ ప్రభుత్వ సంస్థలు నడిపే ట్రిపుల్ విన్ కార్యక్రమంలో నర్సుల దగ్గర ఫీజు తీసుకోరు. ఈ సంగతి తెలియకే మనవాళ్లు పొలం తాకట్టు పెడుతున్నారు.

రెండోది మీ ద్వారా రెండు రాష్ట్రాల ప్రభుత్వాలకు. ప్రభుత్వ నర్సింగ్ కాలేజీల్లో మూడో ఏడాది నుంచి, ఇష్టమున్నవాళ్లకు, వారానికి నాలుగైదు గంటల జర్మన్ క్లాసు పెట్టండి. కోర్సు అయ్యేసరికి ఏ2 చేతికొస్తుంది, బీ2కి మిగిలేది కొన్ని నెలల చదువే. హాస్టల్లో ఉండి చదువుకునే పేదింటి అమ్మాయికి ఏజెంటు గుమ్మం తొక్కే పని తప్పుతుంది. మా గ్రూపులో డ్యూటీ లేని ఆదివారాల్లో ఆన్‌లైన్‌లో మాట్లాడించడానికి సిద్ధంగా ఉన్న నర్సులు చాలామందే ఉన్నారు. ఏ కాలేజీ అయినా అడిగితే మేం ఉచితంగా చేస్తాం. మీ పత్రిక ద్వారా కబురు చేస్తే చాలు.

ఇట్లు,
ఒక స్టాఫ్ నర్సు,
హాలే, జర్మనీ
(పేరు ప్రచురించవద్దని మనవి)