హ్యాండ్‌గార్డు ఆర్డర్లు ఇచ్చినవాళ్లకు

ఎయిర్ రైఫిల్ హ్యాండ్‌గార్డులు (గుండు వెళ్లే బారెల్ చుట్టూ తొడిగే గొట్టాలు) మా లేత్ షాపులో ఇచ్చి "ఏటండీ, ఇంకా అవ్వలేదా?" అని రోజూ ఫోన్ చేస్తున్న నలుగురికీ, ఇవ్వాలా వద్దా అని చూస్తున్న మిగతావాళ్లకీ కలిపి రాస్తున్నాను. మూడు రోజులన్నాను, ఐదు వారాలైంది. కరెంటు పోయిందనో, కుర్రాడు రాలేదనో చెప్పొచ్చు గానీ తప్పు నాదే.

మొదటి గిరాకీ బొబ్బిలి వైపు నుంచి వచ్చినాయన. తోటలో పాతిక మీటర్ల దూరాన కాగితం టార్గెట్లు కొట్టడం ఆయన సరదా. (పిట్టల కోసమైతే నా గుమ్మం ఎక్కొద్దని ముందే చెబుతాను.) తన పీసీపీ (సిలిండర్‌లో ముందే గాలి నింపిపెట్టుకునే) రైఫిల్‌కి బైపాడ్, అంటే ఆనించే రెండు కాళ్ల స్టాండు, తగిలించాలని ఆన్‌లైన్‌లో అల్యూమినియం హ్యాండ్‌గార్డు కొన్నారు. పెట్టె మీద అన్ని మోడళ్లకీ సరిపోతుందని రాసుంది. అన్నిటికీ అంటే మనదానికి కాదని అర్థం. లోపలి వ్యాసం ఒక మిల్లీమీటరు తక్కువ, స్క్రూ కన్నాలు రెండు మిల్లీమీటర్లు పక్కకి.

లోపల బోరింగ్ చేసి వ్యాసం పెంచితే సరి అనుకుని లేత్ మీద మూడు దవడల చక్‌లో (పని ముక్కని పట్టుకునే పట్టులో) పట్టాను. గొట్టం పల్చన, పైగా ఒళ్లంతా ఎం-లాక్ స్లాట్లు, అంటే సామాన్లు తగిలించే పొడుగు కన్నాలు. చక్ బిగించేసరికి మూడు చోట్ల నొక్కుకుంది. ఆ నొక్కుడు మీదే గుండ్రంగా కోశాను. దవడలు వదలగానే గొట్టం వెనక్కి సాగింది, లోపల గుండ్రం కాస్తా మూడు మూలలైంది. ముప్పై ఏళ్లు లేత్ ముందు నిలబడ్డవాడు చేయాల్సిన పని కాదిది. కొత్త గొట్టం నా డబ్బుతో తెప్పించాను. ఈసారి ఒకవైపు చీల్చిన మందపాటి రింగు తొడిగి, ఆ రింగుని చక్‌లో పట్టాను. నొక్కుడు చుట్టూ సమంగా పడింది, గొట్టం గుండ్రంగానే వచ్చింది.

తర్వాత స్క్రూ. దాంతో వచ్చిన స్క్రూ ఒకటి ఎక్కడో పడిపోతే మన డబ్బాలోంచి ఎం4 (నాలుగు మిల్లీమీటర్ల స్క్రూ) తీసి పెట్టాను. రెండు చుట్లు హాయిగా తిరిగింది, ఆ తర్వాత బిగిసింది. తీసి చూడాల్సింది పోయి అలెన్ కీకి బలం పెట్టాను. తీరా ఆ కన్నంలో ఉన్నది 8-32 అనే అంగుళాల కొలత మర. దాని వ్యాసం 4.17 మిల్లీమీటర్లు, పిచ్ (మర చుట్టుకీ చుట్టుకీ మధ్య దూరం) 0.79. మన ఎం4 పిచ్ 0.7. అల్యూమినియం మర పొట్టులా ఊడి చేతిలోకొచ్చింది. ఆ కన్నం పెద్దది చేసి ఎం5 మర కోయాల్సొచ్చింది. ఇప్పుడు పిచ్ గేజి పెట్టి చూడకుండా ఏ స్క్రూనీ ముట్టుకోను.

అసలు సంగతి ఇవేవీ కాదు. మా నాన్న జూట్ మిల్లు రోలర్లకి బేరింగులు కూర్చినవారు. షాఫ్టుకీ బేరింగుకీ మధ్య గాలి దూరితే నాకు వీపు పేలేది. ఆ అలవాటుతో హ్యాండ్‌గార్డు కూడా బారెల్‌కి అతుక్కునేలా బిగువుగా కూర్చాను. చూసినోళ్లందరూ భలే కుదిరిందన్నారు. నేనూ మురిసిపోయాను. వారం తిరక్కుండా ఆయన టార్గెట్ కాగితాలు పట్టుకుని వచ్చారు. బైపాడ్ మీద ఒరిగి కొడితే గుళ్లన్నీ ఒక చోట, చేత్తో పట్టి కొడితే ముప్పావు అంగుళం అవతల!

బారెల్ దేనికీ తగలకూడదు. తగిలితే బైపాడ్ మీద వేసిన బరువు గొట్టంలోంచి బారెల్‌కి పాకి దాన్ని వెంట్రుకవాసి వంచుతుంది. పీసీపీలో ఇంకో తిరకాసు. కింది సిలిండర్‌లో గాలి 200 బార్ దాకా నింపుతారు, కొడుతున్న కొద్దీ అది దిగుతుంది, సిలిండరూ రవంత కదులుతుంది. రెండింటినీ కలిపి బిగిస్తే సిలిండరు తనతో పాటు బారెల్‌నీ లాగుతుంది. అందుకే మళ్లీ కోసి చుట్టూ ఒకటిన్నర మిల్లీమీటరు ఖాళీ వదిలాను. పట్టు అంతా వెనక రిసీవర్ (బారెల్ బిగించి ఉండే రైఫిల్ ఒళ్లు) దగ్గరే. బైపాడ్ మీద బరువు వేసి ఉంచి, పోస్టుకార్డు ముక్క ఈ చివర్నుంచి ఆ చివరికి జరిపి చూశాను. ఎక్కడా ఆగలేదు. ఇప్పుడు తేడా రెండు మూడు మిల్లీమీటర్లే. అది నా గొట్టానిదో, చేతిదో ఆయనే తేల్చుకోవాలి.

కోసిన చోట నల్ల ఆనోడైజింగ్ (అల్యూమినియం మీద వేసే పూత) పోయి తెల్లగా మెరుస్తుంది. విశాఖ పంపి మళ్లీ వేయిస్తే పని కంటే రానుపోను ఖర్చే ఎక్కువ, కాబట్టి పెయింటే వేస్తాను. భోగాపురం వైపు ఉప్పుగాలిలో ఉండేవాళ్లు వద్దనుకుంటే ముందే చెప్పండి.

ఇకమీదట ఉత్త గొట్టం తీసుకోను, రైఫిల్ కూడా తేవాలి. గుండు లేకుండా, సిలిండర్ గాలి పూర్తిగా వదిలేసి తేవాలి. సిలిండరూ, వాల్వూ, బారెలూ నేను విప్పను. కూలీ 1,400 రూపాయలు, గడువు పది రోజులు. ఆగి ఉన్న నలుగురికీ పాత రేటే, అడ్వాన్సు వెనక్కి కావాలంటే ఈ రోజే ఇచ్చేస్తాను.

లైసెన్సు అక్కర్లేని 0.177 అంగుళాల క్యాలిబర్ (బారెల్ లోపలి వ్యాసం), గుండు శక్తి 20 జూల్స్ లోపు ఉండే ఎయిర్ రైఫిళ్లే ఒప్పుకుంటాను. మొన్నొకాయన అసలు తుపాకీ గుడ్డలో చుట్టి తెచ్చి "ముందు కర్ర ఒక్కటే మార్చు బాబూ" అన్నారు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీ బాగు చేయడానికి కూడా లైసెన్సుండాలి. నాకు లేదు. గుడ్డ విప్పకుండానే పంపించేశాను.

పైడితల్లమ్మ పండగకి తొలేళ్ల సోమవారం, సిరిమానోత్సవం మంగళవారం షాపు తీయను. ఆ రెండు రోజులూ ఫోన్ చేసినా డప్పుల్లో నాకు వినపడదు.