బెయిల్ వచ్చినా బయటికి రాని మా తమ్ముడి కోసం వచ్చిన లా స్టూడెంట్‌కి

చెల్లెమ్మా, మీ పేరు నాకు తెలియదు. లీగల్ ఎయిడ్ లాయరు గారి వెంట ఫైలు పట్టుకుని జైలుకి వచ్చిన లా స్టూడెంట్ మీరు.

మా తమ్ముడికి బెయిల్ వచ్చింది, మనిషి మాత్రం బయటికి రాలేదు. పలాస నుంచి హైదరాబాద్‌కి సెంట్రింగ్ పనికి వచ్చినవాళ్లం, ఇద్దరు లోకల్ జామీనుదారుల్ని ఎక్కణ్నుంచి తెస్తాం? కోర్టు బయట ఒకాయన డబ్బిస్తే మనుషుల్ని చూపిస్తానన్నాడు. అప్పు కోసం తిరిగాను కూడా.

కస్టడీలో ఉన్నవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం అందాలని 1987 చట్టంలోనే ఉందని మీరు చెప్పాకే తెలిసింది. బెయిలిచ్చిన వారంలో విడుదల కాకపోతే జైలువాళ్లు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి తెలపాలని, నెలైనా జామీను పెట్టలేకపోతే షరతులు సడలించే సంగతి కోర్టే చూడొచ్చని 2023లో సుప్రీంకోర్టు చెప్పిందట. మాకెవరు చెప్పారు ఇవన్నీ!

మీకింకా వాదించే అర్హత లేదు. వాదించింది లాయరు గారే, ఆయనకీ దండం. కానీ ఏ మేస్త్రీ దగ్గర పని, ఇంట్లో ఎవరెవరు, పాత కేసులేమైనా ఉన్నాయా అని వాణ్ని ఓపిగ్గా అడిగి రాసుకున్నది మీరు. మా యాస అర్థం కాకపోతే మళ్లీ అడిగారు, విసుక్కోలేదు. ఊరి నుంచి రేషన్ కార్డు, ఆధార్ కాపీలు వాట్సాప్‌లో తెప్పించి పిటిషన్‌కి జత చేయించారు. కోర్టు వాణ్ని సొంత పూచీకత్తు మీద వదిలింది.

కేసు ఇంకా నడుస్తోంది. వాయిదా ఒక్కటీ మానకుండా వెళ్తున్నాడు. మా అమ్మ మీకని జీడిపప్పు పంపింది, లాయరు గారి ఆఫీసులో ఇచ్చాను. అందిందో లేదో కబురు చెయ్యండి.