వార్షిక నివేదిక 2025–26: మన పెద్ద పడవ ఇంజన్ సంగతి

గౌరవ సభ్యులకు, పెద్దలకు, అక్కచెల్లెళ్లకు నమస్కారం.

2025 ఏప్రిల్ నుంచి 2026 మార్చి వరకు మన పడవల సంఘం ఏం చేసిందో, డబ్బు ఎక్కడ ఖర్చయిందో ఈ నివేదికలో రాస్తున్నాను. ఈ ఏడు మిగతా పనులన్నీ ఒక ఎత్తు, ఇంజన్ ఒక్కటీ ఒక ఎత్తు. కాబట్టి మిగతావి ముందే క్లుప్తంగా చెప్పేస్తాను.

మే 15 నుంచి 26 వరకు కాళేశ్వరంలో సరస్వతీ పుష్కరాలు జరిగాయి. ఆ పన్నెండు రోజులూ మన పడవలు తిరిగాయి, లైఫ్ జాకెట్ వేసుకోనన్నవాళ్లను ఎక్కించలేదు. ఇద్దరు ముగ్గురు పెద్దమనుషులు కోప్పడ్డారు. కోప్పడనీ. 2019లో కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగింది మన గోదావరిలోనే. వానాకాలంలో ప్రాణహిత పొంగినప్పుడు పడవలను పైకి లాగి కట్టేశాం, నష్టమేమీ లేదు. గంగమ్మ బోనాలు ఎప్పటిలాగే జరిగాయి. చందా బకాయిల గురించి ఈసారి పేర్లు చదవడం లేదు, ఎవరిది వాళ్లకే తెలుసు.

ఇక ఇంజన్.

మన పెద్ద పడవలో ఉన్నది రెండు సిలిండర్ల, నీళ్లతో చల్లబడే, 1500 ఆర్‌పీఎం మీద నడిచే డీజిల్ ఇంజన్. ఒకప్పుడు బావుల మీద దుక్ దుక్ మంటూ నీళ్లు తోడిన ఐదు హార్స్‌పవర్ ఇంజన్ మన తరం వాళ్లందరికీ గుర్తుండే ఉంటుంది, దానికి అన్నలాంటిది ఇది. అవతలి ఒడ్డున మహారాష్ట్రలో ఉన్న సిరొంచకు వంతెన లేని రోజుల్లో ఇటు జనాన్ని అటు, అటు జనాన్ని ఇటు చేర్చింది ఇదే. వంతెన వచ్చాక ఆ రాబడి పోయింది. ఇప్పుడు ముక్తేశ్వర స్వామి దర్శనానికి వచ్చినవాళ్లను సంగమం దాకా తీసుకెళ్లడం, అస్థికలు కలిపేవాళ్లను నడిమి ధారకు చేర్చడం, వలలు, మంచు పెట్టెలు మోయడం, ఇవే దాని పనులు. ఏడాదికి సుమారు 400 గంటలు తిరుగుతుందని అంచనా.

దసరా దాటాక ఇబ్బంది మొదలైంది. చలి పొద్దుల్లో స్టార్ట్ కావడం లేదు. హ్యాండిల్ తిప్పి తిప్పి పిల్లల చేతులు బొబ్బలెక్కాయి. పొగ ఎక్కువైంది, వేడెక్కుతోంది, ఆయిల్ తాగుతోంది. సర్వసభ్య సమావేశంలో సంఘం రెండుగా చీలింది. "గా పాత ఇంజన్ మీద ఇంకెన్ని పైసలు పెడ్తరే, ఇనుప సామానోనికి ఇచ్చి కొత్తది తెద్దాం" అని కుర్రవాళ్లు. "ఇసొంటి ఇనుము ఇప్పుడు యాడ దొరుకుతది?" అని పెద్దలు. రెండు మాటల్లోనూ ఇంజన్ లోపల ఏముందో లేదు. అందుకే కమిటీ ఒక షరతు పెట్టింది: కొలతలు చేతికొచ్చే దాకా కొత్తదనీ పాతదనీ ఎవరూ వాదించకూడదు. వాదన ఆగలేదు కానీ నిర్ణయం మాత్రం ఆగింది.

భూపాలపల్లి నుంచి పిలిపించిన మెకానిక్ చేసిన మంచి పని ఏమిటంటే, వచ్చీ రాగానే ఇంజన్ విప్పకపోవడం. ముందు బయట ఉన్నవన్నీ చూశాడు. షాఫ్ట్ చివర, నీళ్లలో తిరిగి పడవను నెట్టే ఫ్యానుకు చిరిగిన నైలాన్ వల ముద్దగా చుట్టుకుని ఉంది. ఎవరి వలో అడగవద్దు. నీళ్లు పీల్చే జాలీలో సగం దాకా ఇసుక. సైలెన్సర్‌కు వెళ్లే వంపులో మసి గట్టిపడి దారి ఇరుకైపోయింది. డీజిల్ ఫిల్టర్ అడుగున నీళ్లు. ఇవన్నీ శుభ్రం చేసి నడిపితే నల్ల పొగ పోయింది, వేడి తగ్గింది. అంటే మనం కొత్త ఇంజన్ కొని అదే వల చుట్టుకున్న ఫ్యానుకు తగిలించి ఉంటే కొత్తది కూడా నల్ల పొగే కక్కేది.

పొగ రంగు చూసి చాలావరకు చెప్పొచ్చని మెకానిక్ అన్నాడు, సభ్యులకు పనికొస్తుందని రాస్తున్నాను. నల్ల పొగ అంటే పోసిన డీజిల్ పూర్తిగా కాలడం లేదు. బరువు ఎక్కువైనా, గాలి చాలకపోయినా, డీజిల్ చిమ్మే నాజిల్ సరిగా పనిచేయకపోయినా వస్తుంది. నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోంది. తెల్ల పొగ అంటే డీజిల్ అంటుకోకుండానే ఆవిరై పోతోంది, లేదా సిలిండర్‌లోకి నీళ్లు దిగుతున్నాయి. శుభ్రం చేశాక మనకు మిగిలింది నీలం పొగ, పొద్దున స్టార్ట్ కాకపోవడం.

తర్వాత కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలి ఎంత గట్టిగా నొక్కుకుంటోందో చూశారు. డీజిల్ ఇంజన్‌కు నిప్పురవ్వ పుట్టించే ప్లగ్ ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకోవాలి, నొక్కుడు తగ్గితే చలిలో అంటుకోదు. డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ తీసిన చోట గేజ్ బిగించి తిప్పితే మొదటి సిలిండర్‌లో ఒత్తిడి 400 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌన్లు) దగ్గరికి వచ్చింది, రెండోదాంట్లో 300 కూడా రాలేదు. రెండోదాంట్లో ఒక చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూశారు. లోపల ఖాళీ చాలా తక్కువ కాబట్టి అంతకు మించి పోయకూడదట. ముల్లు పైకి లేచింది. వాల్వులు లీకైతే ఆయిల్ పోసినా లేవదు. లేచిందంటే లోపం పిస్టన్ చుట్టూ ఉండే రింగుల్లోనో, పిస్టన్ ఆడే గొట్టమైన స్లీవ్‌లోనో ఉన్నట్టు.

సిలిండర్ల పైమూత అయిన హెడ్ దించాక కారణం కళ్లకు కనబడింది. రెండో స్లీవ్ నిండా నిలువు గీతలు. 2022 జులై వరదలో ఈ పడవ ఇంజన్ మునిగిన సంగతి మీకు గుర్తుంది. ఆ వరదకు కాళేశ్వరం ప్రాజెక్టు కన్నెపల్లి పంప్‌హౌస్‌లోకే నీళ్లు వచ్చాయి, మన పడవ ఎంత? ఇంజన్ ఆగినప్పుడు సాధారణంగా ఏదో ఒక సిలిండర్‌లో వాల్వ్ తెరుచుకుని ఉంటుంది. మునిగినప్పుడు ఒండ్రు ఆ దారినే దిగిందని మెకానిక్ మాట. అప్పట్లో నీళ్లు తోడి, ఆయిల్ మార్చి నడిపేశాం. మిగిలిన సన్న ఇసుక ఈ మూడేళ్లూ స్లీవ్‌ను గీకుతూ వచ్చింది. మొదటి సిలిండర్ బాగుండి రెండోది పాడవడానికి ఇంతకంటే సరైన కారణం నాకు తోచడం లేదు.

స్లీవ్ పాడైతే భయం లేదు. మన ఇంజన్‌లో స్లీవ్ బయటికి వస్తుంది, కొత్తది వేస్తే సిలిండర్ లోపలి గోడ కొత్తదే. భయపడాల్సినవి రెండు: సిలిండర్లన్నీ ఉండే ఇనుప దిమ్మ అయిన బ్లాక్, పిస్టన్ల కదలికను తిరుగుడుగా మార్చే క్రాంక్ షాఫ్ట్. బ్లాక్‌లో పగులు లేదు. స్లీవ్ దిగి కూర్చునే చోటు, కింద రబ్బరు రింగులు పట్టే చోటు నున్నగానే ఉన్నాయి. స్లీవ్ వెలుపలి గోడ మీద నీళ్ల వైపు చిన్న చిన్న గుంతలు ఉన్నాయి కానీ ఆ స్లీవ్ ఎలాగూ పారేసేదే. క్రాంక్‌ను వరంగల్ తీసుకెళ్లి మైక్రోమీటర్‌తో కొలిపించాం. ఇదివరకే ఒకసారి పావు మిల్లీమీటరు గ్రైండింగ్ చేయించి ఉన్నారు. ఇప్పుడు అర మిల్లీమీటరు సైజుకు దించితే గుండ్రంగా వస్తుందని, ఆ సైజు బేరింగులు దొరుకుతాయని చెప్పారు. తీర్పు దాదాపు అక్కడే వచ్చేసింది.

ఇక్కడ మన సభ్యుడి కొడుకు, విశాఖలో పడవ ఇంజన్ల పని చేసే అబ్బాయి, ఫోన్‌లో చెప్పిన మాట కూడా రాయాలి. సముద్రంలో తిరిగే తెరచాప పడవలకూ లోపల చిన్న డీజిల్ ఇంజన్ ఉంటుంది, రేవులోకి రావడానికి, గాలి పడిపోయినప్పుడు నడవడానికి. అక్కడా ఇదే గొడవట: బాగు చేయించాలా, మార్చాలా? కానీ వాటిలో చాలా ఇంజన్లు తిరిగి తిరిగి అరిగిపోవు, తిరగక చెడిపోతాయి. పాతవాటిలో ఉప్పునీళ్లే నేరుగా బ్లాక్ లోపల తిరుగుతాయి కాబట్టి ఉప్పు ఇనుమును లోపలి నుంచే తినేస్తుంది. స్లీవులు, రింగులు ఎన్ని మార్చినా బ్లాక్ గోడ పలచబడితే ఆ డబ్బు నీళ్లపాలే. అలాంటప్పుడు మార్చడమే నయం. మనకూ నది నీళ్లే నేరుగా తిరుగుతాయి, కానీ అవి తీపి నీళ్లు. మనకు ఉప్పు బాధ లేదు, ఇసుక బాధ ఉంది. ఇసుక పంపు రబ్బరు రెక్కలను తింటుంది, బ్లాక్‌ను తినదు. "ఉప్పునీళ్ల ఇంజనైతే నేనే అమ్మేయమందును" అన్నాడు.

కొత్తదాని లెక్కకు వద్దాం. కరీంనగర్, వరంగల్ డీలర్లను అడిగితే ఇంజన్ ఒక్కటే 1,35,000 రూపాయల దాకా చెప్పారు. ఇంజన్ ధర చూసి సంబరపడితే సరిపోదు. కొత్త మోడల్ హౌసింగ్ మన గేర్‌బాక్స్‌కు కలవదు, గేర్‌బాక్స్‌కు ఇంకో 60,000. కాళ్లు వేరు కాబట్టి దుంగల మీద బెడ్ మార్చాలి, షాఫ్ట్ కొలత మార్చాలి, కూలీలతో కలిపి 30,000. మొత్తం 2,25,000. పాతది ఇనుము కింద అమ్మితే 20,000 రావచ్చు. బాగు చేయించడానికి మెకానిక్ ఇచ్చిన అంచనా 58,000. తేడా 1,47,000.

కొత్తది డీజిల్ తక్కువ తాగుతుందన్నది కుర్రవాళ్ల గట్టి వాదన. నిజమే, గంటకు పావు లీటరు మిగులుతుందనే అనుకుందాం. లీటరు 96 రూపాయల లెక్కన గంటకు 24, ఏడాదికి 400 గంటలకు 9,600. ఆ తేడా పూడడానికి పదిహేనేళ్లు పడుతుంది. నిజంగా డీజిల్ మిగలాలంటే డ్రైవర్ చెయ్యి తగ్గాలి. ఫ్యాను తిరిగే వేగం పదో వంతు తగ్గిస్తే ఇంజన్ మీద పడే బరువు నాలుగో వంతుకు పైగా తగ్గుతుంది. సంగమం దాకా వెళ్లడానికి రెండు మూడు నిమిషాలు ఎక్కువైతే భక్తులెవరూ బాధపడరు.

పాత ట్రాక్టర్ ఇంజన్ చవగ్గా వస్తుందని ఒక సభ్యుడు తెచ్చిన ప్రతిపాదనను కమిటీ ఎక్కువసేపు చర్చించలేదు. మన ఇంజన్ జబ్బు మనకు తెలుసు, దాని జబ్బు అమ్మేవాడికి తప్ప ఎవరికీ తెలియదు. వెనక తగిలించే పెట్రోలు మోటారు తేలిక పడవలకు బాగుంటుంది, మన బరువుకు పనికిరాదు. కాశీలో పడవలకు సీఎన్‌జీ పెట్టారు, మనకూ పెడదామన్నారు ఇంకొకరు. అక్కడ ఘాట్ దగ్గరే గ్యాస్ నింపుతారు, మన ఘాట్ దగ్గర టీ తప్ప ఏమీ నింపరు.

కమిటీ బాగు చేయించాలనే తీర్మానించింది. కోశాధికారి ఒప్పుకోలేదు, ఆయన అసమ్మతిని మినిట్స్‌లో రాశాం. పాత ఇంజన్ అసలు ఖర్చు మెకానిక్ బిల్లులో కాదు, అది ఆగిపోయిన రోజుల్లో పోయే రాబడిలో ఉంటుందని ఆయన వాదన. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి, ఆ పన్నెండు రోజుల్లో ఆగితే ఏం చేస్తారని అడిగారు. కొట్టిపారేసే మాట కాదు. అందుకే ఆ పుష్కరాల ముందు ఎండాకాలంలో హెడ్ దించి ఒకసారి చూడాలని, నాజిళ్లు, నీళ్ల పంపు రెక్కలు, గ్యాస్కెట్లు అదనపు సెట్ కొని పెట్టుకోవాలని తీర్మానంలో చేర్చాం.

పని జనవరిలో మొదలై సంక్రాంతి సెలవుల వల్ల కొంచెం సాగింది. రెండు స్లీవులు, పిస్టన్లు, రింగులు కొత్తవి వేశారు. ఒకటి బాగుంది కదా, రెండోదే మారుద్దామని నేనూ అడిగాను. ఒక్కటే మారిస్తే రెండు సిలిండర్లు సమంగా లాగవని మెకానిక్ ఒప్పుకోలేదు. క్రాంక్ గ్రైండింగ్, వాల్వు సీట్లు, ఫ్యూయల్ పంపు సరిచేయడం వరంగల్‌లో అయ్యాయి. రానూపోనూ రెండు వందల కిలోమీటర్లకు పైనే కాబట్టి ఆటో ట్రాలీ ఖర్చు అంచనా దాటింది. మొత్తం బిల్లు 61,400 అయింది.

నది నీళ్లు లోపలికి రాకుండా పడవ అడుగున పైపు వేసి, మంచి నీళ్లు అందులోనే తిప్పి చల్లార్చే పద్ధతి పెడదామని కూడా అనుకున్నాం. ఇసుక బాధ పూర్తిగా పోయేది. కానీ 2023 అక్టోబరులో మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగినప్పటి నుంచి అక్కడ నీళ్లు నిలపడం లేదు. ఎండాకాలం మన దగ్గర తిన్నెలు తేలి పడవ అడుగు ఇసుకకు రాసుకుంటోంది, ఆ పైపు ఒక్క సీజన్ కూడా నిలవదు. దాని బదులు పెద్ద జాలీ, సులువుగా విప్పే మూతతో పెట్టించాం. రోజూ పొద్దున విప్పి చూడడం డ్రైవర్ బాధ్యత.

ఇంజన్, గేర్‌బాక్స్ ఫ్యాను షాఫ్ట్‌తో ఒకే వరుసలో ఉన్నాయో లేదో సరిచూసింది పడవ నీళ్లలోకి దించాకే. ఒడ్డున ఉన్నప్పుడు చూస్తే లెక్క తప్పుతుంది, నీళ్లలో చెక్క కొద్దిగా వంగుతుంది. గేర్‌బాక్స్‌నూ షాఫ్ట్‌నూ కలిపే రెండు కప్లింగుల మధ్య సన్నటి ఫీలర్ రేకు నాలుగు పక్కలా ఒకేలా ఆడేదాకా కాళ్ల కింద రేకులు పెడుతూనే ఉన్నారు. ఇంతకుముందు పడవ వణికేదని మనం ఇంజన్‌ను తిట్టుకున్నాం కానీ ఆ వణుకు చాలావరకు ఇక్కడిదే.

డ్రైవర్లకు సూచన. మొదటి 50 గంటలు ఫుల్ లోడ్ వేయవద్దు. అలాగని ఒడ్డున కట్టేసి ఊరికే గంటల తరబడి తిప్పవద్దు, బరువు లేకుండా తిప్పితే కొత్త స్లీవ్ అద్దంలా నున్నబడి రింగులు కూర్చోవు, మళ్లీ ఆయిల్ తాగుతుంది. మధ్యస్థంగా లాగించాలి. 50 గంటలకు ఆయిల్ మార్చాలి, హెడ్ బోల్టులు మళ్లీ బిగించాలి, ట్యాపెట్లు చూడాలి. ఎన్ని గంటలు తిరిగిందో రాయడానికి ఇంజన్ పెట్టె మూత లోపల పుస్తకం వేలాడదీశాం. పెన్ను మాత్రం ఎవరో తీసుకెళ్లారు.

క్రాంక్‌ను ఇంకోసారి దించడానికి లేదని గ్రైండింగ్ చేసినవాళ్లు స్పష్టంగా చెప్పారు. కాబట్టి ఈసారి క్రాంక్ పోయినా, బ్లాక్ పగిలినా, కమిటీని మళ్లీ కూర్చోబెట్టకుండా కొత్తదే కొనాలి. అందుకోసం ప్రతి ట్రిప్పు రాబడిలో పది శాతం విడిగా ఇంజన్ నిధిలో వేయాలని కమిటీ ప్రతిపాదిస్తోంది. దీనికి సర్వసభ్య సమావేశం ఆమోదం కావాలి. బిల్లులు, తీసేసిన స్లీవులు, పిస్టన్లు సంఘం గదిలోనే ఉన్నాయి, అనుమానం ఉన్నవాళ్లు వచ్చి చూసుకోవచ్చు. పాత సామాను అమ్మే ముందు తూకం వేసేటప్పుడు ఇద్దరు సభ్యులు ఉండాలి, ఎవరు వస్తారో సమావేశంలోనే పేర్లు ఇవ్వండి.

ఇట్లు
కార్యదర్శి