వారానికి మూడు రోజుల పని, ఈఎస్‌ఐ 78 రోజుల లెక్క

సంపాదకులకు,

ఈఎస్‌ఐ కార్డు ఆస్పత్రి కోసమేనని పార్ట్‌టైమ్ పనివాళ్లలో చాలామంది అనుకుంటారు. ఉద్యోగం పోతే 90 రోజుల వరకు భృతి ఇచ్చే అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన కూడా ఈఎస్‌ఐ కిందే 2018 జులై 1 నుంచి ఉంది. సగటు రోజు సంపాదనలో 25 శాతంగా మొదలైన ఈ సాయాన్ని 2020 మార్చి 24 నుంచి 50 శాతం చేశారు. పార్ట్‌టైమ్ వాళ్లు దెబ్బతినేది రోజుల లెక్క దగ్గర.

పని పోయేనాటికి రెండేళ్లుగా బీమా కింద ఉండాలి. ఈఎస్‌ఐకి చందా కట్టే కాలాలు ఏడాదికి రెండు: ఏప్రిల్ నుంచి సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి. పని పోవడానికి సరిగ్గా ముందున్న కాలంలో 78 రోజులకు, దాని వెనకటి మూడింటిలో ఏదో ఒకదానిలో కనీసం 78 రోజులకు చందా పడి ఉండాలి. ఆరు నెలలంటే 26 వారాలు. వారానికి మూడు రోజులు వెళ్లేవారికి సరిగ్గా 78 వస్తాయి. జీతం లేని నాగా ఒక్కటి పడినా 77. అదే రోజుకు నాలుగు గంటల చొప్పున ఆరు రోజులు వెళ్తే 156. వారానికి గంటలు మాత్రం రెండు విధాలా 24 గంటలే. వీలున్నచోట ఒంటిపూట పనే అడగడం మేలు.

కొందరు గుమాస్తాలు రెండు వేర్వేరు రోజుల ఒంటిపూటలను కలిపి ఒక రోజుగా ఎక్కిస్తారు. ఇది తప్పు. నెలవారీ చందా పట్టికలో రాయాల్సింది జీతం ఇచ్చిన రోజులు. భిన్నం వస్తే పై అంకె వేయాలని సూచనల్లోనే ఉంది. జీతంతో ఇచ్చిన సెలవు కూడా రోజే. రెండు చోట్ల పనిచేసేవారికి రెండో యజమాని కొత్త బీమా నంబరు తీస్తే ఇంకా నష్టం: ఒకదాని కింద 45, మరోదాని కింద 40 రోజులు ఉంటే ఏదీ చాలదు. పాత పదంకెల నంబరే ఇవ్వాలి. ఇప్పటికే రెండుంటే ఈఎస్‌ఐ బ్రాంచ్ ఆఫీసులో అర్జీ పెట్టి కలపమనాలి. యజమాని చందా కట్టే గడువు మరుసటి నెల 15. ఆ తర్వాత ఈఎస్‌ఐ పోర్టల్‌లో ఎన్ని రోజులు పడ్డాయో ప్రతి నెలా చూసుకోవాలి.

తానే మానేసినవారికి, చట్టవిరుద్ధమని ప్రకటించిన సమ్మెలో, లాకౌట్‌లో ఉన్నవారికి భృతి లేదు. యజమాని తొలగించి కూడా పట్టికలో రిట్రెంచ్‌మెంట్ (యజమాని తొలగింపు) కోడ్ 10 బదులు ‘పని వదిలారు’ అనే కోడ్ 2 వేస్తే చిక్కే. అందుకే తొలగింపు కాగితం రాతపూర్వకంగా తీసుకోవాలి. పని పోయిన 30 రోజుల తర్వాత ఆన్‌లైన్‌లో క్లెయిమ్ నింపి, ప్రింటుతో పాటు ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ నకళ్లను బ్రాంచ్ ఆఫీసులో ఇవ్వవచ్చు. యజమాని ద్వారా పంపనక్కర్లేదు. జీవితకాలంలో మొత్తం 90 రోజులకే ఈ సాయం.

ఈఎస్‌ఐ సంస్థ ఒకటి సరిదిద్దాలి. అర్హతకు రెండు కాలాలు చాలంటూనే సగటు తీయడానికి నాలుగు కాలాల సంపాదనను 730తో భాగిస్తున్నారు. రోజుకు 500 రూపాయల మీద రెండు కాలాల్లో 78 రోజుల చొప్పున మాత్రమే పని దొరికినవారి సంపాదన 78,000. సగటు 107, భృతి రోజుకు 53 రూపాయలు. పని దొరకని ఏడాదిని కూడా సగటులో కలపడం అన్యాయం. ఇలాంటివారికి ఆ రెండు కాలాల 365 రోజులతోనే భాగించాలి. నెలనెలా పడిన రోజుల సంఖ్యను కార్మికుల ఫోనుకు తెలుగులో పంపాలి.

— కార్మిక బీమా వ్యవహారాలు చూసే పాఠకుడు, హైదరాబాద్